చలికాలంలో మా మధ్యాహ్నం మాకు వదలండి: బెంగళూరు ఐటీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

బెంగళూరు ఐటీ కంపెనీల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ అధికారులకు, ప్రాజెక్టు మేనేజర్లకు,

నమస్కారం.

ఇంటి నుంచి పని చేసుకోనిస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో రోజూ క్యాబులో కూర్చుని కునుకు తీసే బాధ తప్పించారు. అది చిన్న మేలేమీ కాదు. ఇక అసలు విషయానికి వస్తాను. చలికాలంలో మధ్యాహ్నం ఎండలో నిలబడే ఒక గంట, రాత్రి వేళకు తిండీ నిద్రా, జబ్బు చేస్తే నిజమైన సెలవు మాకు కావాలి.

మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి పదహారేళ్ళయింది. కాపురం కుందలహళ్ళి వైపు. 2020 మార్చిలో లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. మా టీములో పద్నాలుగు మందిమి. అందులో తొమ్మిది మందిమి తెలుగువాళ్ళం. కడప, ప్రొద్దుటూరు, చిత్తూరు, గుంటూరు, ఖమ్మం నుంచి వచ్చి మారతహళ్ళిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటున్నాం.

ఈ విషయం బయట పెట్టకముందు మా కంపెనీ లోపలే మూడు మెయిళ్ళు రాశాను. మొదటిదానికి మా అభిప్రాయం ఎంతో విలువైనదని ఒక మిషన్ జవాబు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. మూడోదానికి ఒక ఆహ్వానం వచ్చింది. చలికాలంలో ఆరోగ్యం గురించి వెబినార్, బుధవారం మధ్యాహ్నం 12.30 నుంచి 1.30 వరకు, కెమెరా తప్పనిసరిగా ఆన్‌లో ఉండాలి. డాక్టరుగారు చాలా బాగా చెప్పారు. రోజూ మధ్యాహ్నం కాసేపు ఎండలో నిలబడమన్నారు. మేము నలభై మందిమి ట్యూబులైట్ల కింద కూర్చుని తలలు ఊపాం. చాట్‌లో ఎవరో "ఇప్పుడే వెళ్ళొచ్చా డాక్టర్?" అని రాశారు. నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. హెచ్‌ఆర్ అమ్మాయి కూడా నవ్వింది. పాపం, ఆమె మొహం మీద పడుతున్నదీ ట్యూబులైటు వెలుగే.

చలికాలంలో ఏం తినాలో, ఎలా కూర్చోవాలో చెప్పమని మేము అడగలేదు. అవి మాకు తెలుసు, మా అమ్మలకు ఇంకా బాగా తెలుసు. అవి చేసుకోవడానికి టైము అడిగాం. ఆ టైము ఎక్కడ పోతోందో వివరంగా రాస్తున్నాను.

బెంగళూరు చలి అంటే ఢిల్లీ వాళ్ళు నవ్వుతారని తెలుసు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిళ్ళు మామూలుగా 15, 16 డిగ్రీలు ఉంటుంది. ఈ ఊరికి తెలిసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. మమ్మల్ని వణికించేది డిగ్రీల లెక్క కాదు. తూర్పు కిటికీ లేని ఇల్లు, గ్రానైటు గచ్చు, పొద్దున నుంచి రాత్రి దాకా ఒకే కుర్చీ. మా కిటికీకి, పక్క బిల్డింగు గోడకు మధ్య చెయ్యి చాపితే అందేంత సందు. ఆ ఇంట్లో ఎవరు పోపు పెట్టినా తుమ్ములు నాకు వస్తాయి. జనవరి మొత్తం సాక్సులు, స్వెటరు, చేతిలో గ్లాసుడు శొంఠి కషాయంతో టైపు చేస్తాను. ఒకసారి మంకీ క్యాప్‌తోనే కాల్‌లోకి వెళితే అవతలి క్లయింటు, నేను కొండ ఎక్కుతున్నానా అని అడిగాడు.

1. రాత్రికి అదనంగా వచ్చిన గంట.

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు, మళ్ళీ మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పుతారు. న్యూయార్కులో ఉదయం 11 గంటల మీటింగు అక్టోబరులో మాకు రాత్రి 8.30కి ఉండేది, ఇప్పుడు 9.30కి మారింది. వాళ్ళ వెలుతురు కోసం వాళ్ళు తిప్పుకుంటారు, తప్పు లేదు. ఆ గడియారం ముల్లు మాత్రం వచ్చి మా రాత్రి భోజనంలో గుచ్చుకుంటోంది.

ఇది దాదాపు 18 వారాల వ్యవహారం. వారానికి నాలుగు కాల్స్ అనుకున్నా 72 రాత్రులు. రాత్రి కాల్ గంట ఆలస్యమైంది కదా అని పొద్దున 9.30 స్టాండప్‌ను, అంటే రోజూ జరిగే చిన్న టీము మీటింగును, ఎవరూ జరపలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు తెరిచిన లాప్‌టాప్ రాత్రి పదిన్నరకు మూస్తున్నాం. మధ్యలో ఖాళీలు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, ఇరవై నిమిషాలు ఒకటి, అరగంట ఒకటి. ఆ ముక్కలు కలిపితే విశ్రాంతి అవుతుందా? చిల్లర పోగేసి నోటు చేసుకోవచ్చు గానీ నిద్రను అలా పోగేసుకోలేం.

పదిన్నరకు కాల్ అయిపోతే పావు తక్కువ పదకొండుకు అన్నం. తిన్న వెంటనే పడుకుంటే ఛాతీలో మంట, కూర్చుంటే పన్నెండున్నర. మా పాప రెండో తరగతి. రాత్రి నా మెడ చుట్టూ చేతులు వేసి పడుకునే పిల్ల నవంబరు నుంచి వాళ్ళ నాన్న దగ్గర పడుకుంటోంది. ఇది ఆరోగ్యం కిందకు వస్తుందో రాదో మీరే చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా విడుదల చేశాయి. వారానికి 55 గంటలు, ఆ పైన పని చేసేవారికి, 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. మీ దగ్గర లాగిన్ రికార్డులు ఉన్నాయి. మాలో 55 గంటలు దాటినవాళ్ళు ఎంతమందో మాకంటే మీకే బాగా తెలుసు.

2. మధ్యాహ్నం పోయిన ఎండ.

ఇది కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే వెబినార్‌లో నవ్వులు వచ్చింది దీనికే.

కిందటి జనవరిలో మెట్లు ఎక్కుతుంటే తొడలు పట్టేసేవి. నడుము నొప్పి కుర్చీ వల్ల అనుకున్నాను. ఎనిమిది వేలు పెట్టి కుర్చీ మార్చాను, నొప్పి మారలేదు. డాక్టరు రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి 9 వచ్చింది. 20కి తక్కువైతే లోపం కిందే లెక్క. వారానికోసారి 60 వేల యూనిట్ల పొడి పాలలో కలుపుకుని తాగమన్నారు. ఊళ్ళో అమ్మకు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. "అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్లకు ఎండ తక్కువైందంటే నలుగురూ నవ్విపోతారే" అంది. కదిరి ఇప్పుడు సత్యసాయి జిల్లాలో ఉంది గానీ అమ్మకు ఇంకా అనంతపురమే. ఎండ మాత్రం ఏ జిల్లా అన్నా అదే.

కిటికీ పక్కన కూర్చోవచ్చు కదా అని మా మేనేజరు సలహా. ఆయన మంచివాడే, కానీ అది పని చేయదు. మన చర్మంలో విటమిన్ డి తయారయ్యేది అతినీలలోహిత కిరణాల్లో బి రకం వల్ల. కిటికీ అద్దం వాటిని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అద్దం వెనక వెచ్చదనం వస్తుంది, విటమిన్ రాదు. పొద్దున ఏడింటి లేత ఎండలోనూ ఆ కిరణాలు చాలా తక్కువ. నడకకు అది మంచిదే, ఈ పనికి చాలదు. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండాలి. పాతకాలపు పొలం లెక్కలాంటి గుర్తు ఒకటుంది. నీ నీడ నీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడు నిలబడు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి ఏడాదిలో సూర్యుడు బాగా కిందికి దిగే డిసెంబరు 21న కూడా, దాదాపు పదిన్నర నుంచి రెండు గంటల దాకా నీడ పొట్టిగానే ఉంటుంది. చలి దేశాల వాళ్ళకు ఈ భాగ్యం లేదు.

ఆ మూడున్నర గంటల్లో మా కేలెండరు చూడండి. పదకొండుకు రివ్యూ. పన్నెండున్నరకు ఇంకొకటి. ఒంటిగంటన్నర అయ్యేసరికి జర్మనీలో పొద్దున తొమ్మిది, వాళ్ళు ఆఫీసుకు వస్తారు. మాకు ఖాళీ దొరికే సాయంత్రం ఐదున్నరకు డాబా ఎక్కితే నీడ పక్కింటి ట్యాంకు దాకా సాగి ఉంటుంది. ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో కనీసం క్యాంటీన్‌కు వెళ్ళేటప్పుడు, టీ కొట్టు దగ్గర నిలబడినప్పుడు ఇంత ఎండ తగిలేది. ఇంటి నుంచి పనిలో ఆ నాలుగు అడుగులూ పోయాయి.

మేము అడిగేది కొత్త వరమేమీ కాదు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961లోనే ఉంది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని, ఐదు గంటల పని దాటకముందే కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలని. చట్టం రాసినవాళ్ళకు జూమ్ కాల్స్ తెలియకపోయినా మనిషి సంగతి తెలుసు.

3. ఇంట్లోనే ఉన్నావుగా.

మా టీములో ప్రొద్దుటూరు తమ్ముడు ఒకడున్నాడు, ఇరవై ఆరేళ్ళు, బీటీఎంలో పీజీలో ఉంటాడు. అక్కడ వేడినీళ్ళు పొద్దున ఎనిమిదింటికే అయిపోతాయి. రాత్రి కాల్స్ చేసి తొమ్మిదింటికి లేచేవాడికి చన్నీళ్ళే గతి. కిందటి డిసెంబరులో అతనికి జలుబు పట్టింది, తర్వాత దగ్గు. కాల్‌లో ఒక వాక్యం మాట్లాడి మ్యూట్ నొక్కేవాడు. మాకు శబ్దం వినపడేది కాదు. కెమెరాలో అతని భుజాలు మాత్రం ఎగిరెగిరి పడేవి. మళ్ళీ మ్యూట్ తీసి ఇంకో వాక్యం. మూడు వారాలు అలాగే నడిచింది. నేనూ ఆ కాల్స్‌లో ఉన్నాను. లీవు పెట్టు అన్నాను గానీ అతని పని నేను తీసుకుంటానని అనలేదు. ఆ తప్పు నాది కూడా.

లీవు అడిగితే "ఇంట్లోనే ఉన్నావుగా, కొంచెం చూసుకుంటూ ఉండు" అన్నారు. చివరికి ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రొద్దుటూరు నుంచి వాళ్ళ నాన్న రాత్రి బస్సెక్కి వచ్చారు. ఆయన కార్పొరేట్ మర్యాదలు తెలియని మనిషి. "ఆఫీసుకు పోయేటప్పుడు జ్వరమొస్తే ఇంట్లో పడుకునేవాడు. ఇప్పుడు ఆఫీసే ఇంట్లో ఉంటే ఎక్కడ పడుకోవాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమం ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. ఫ్లూ మన దేశంలో వానల తర్వాత ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి పెరుగుతుంది. అంటే అసలు తాకిడి ఇంకా ముందుంది. పై చట్టంలోనే ఏడాదికి 12 రోజుల దాకా జబ్బు సెలవు ఉంది. కాగితం మీద ఉన్న ఆ సెలవు ఇంటి నుంచి పని చేసేవాడి దాకా రావడం లేదు. లీవు దొరకనివాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడు, మెడికల్ షాపులో చెప్పి యాంటీబయాటిక్ మూడు రోజులు మింగి ఆపేస్తాడు. వైరస్ జలుబుకు అది పని చేయదు, పైగా రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు మొండికేస్తుంది.

4. నీళ్ళు, కళ్ళు, కాళ్ళు.

ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా. చలిలో దాహం వేయదు, సీసాలో నీళ్ళు సాయంత్రానికి అలాగే ఉంటాయి. బాత్రూముకు లేవాల్సి వస్తుందని కావాలనే తాగని అమ్మాయిలు మా టీములో ఉన్నారు, మూత్రంలో ఇన్ఫెక్షన్ రెండోసారి వచ్చినవాళ్ళూ ఉన్నారు. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గుతుంది, పొడిగాలికి కళ్ళు మండుతాయి. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టే నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నా ఫోన్‌లో మంగళవారం లెక్క 940 అడుగులు. అందులో సగం పాప యూనిఫాం వెతకడానికి వేసినవే.

5. తిండి.

చలికాలం తిండికి ఈ ఊరు ఏం తక్కువ చేయలేదు. కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అదే మన చెనక్కాయల తిరునాళ్ళ. ఆ తర్వాత ఈ చలికాలంలోనే అవరెకాయి మేళా, అంటే మన అనపకాయల సంబరం. మా సీమ వాళ్ళకు అనపకాయలు వచ్చాయంటే పితికిపప్పే. గింజలు రాత్రంతా నానబెట్టి, వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి జారుతుంది. కిలో గింజలు పితకడానికి గంట పడుతుంది. రాగి సంగటి, పితికిపప్పు కూర ఉంటే వేరే బలం మందు అక్కర్లేదు. మొన్న నేను కెమెరా కొంచెం పైకి తిప్పి, కింద ఒళ్ళో గిన్నె పెట్టుకుని, గంటన్నర స్టేటస్ మీటింగులో కిలో పితికేశాను. ఆ మీటింగు వల్ల ఎవరికైనా ఉపయోగం జరిగిందంటే అది మా ఇంటివాళ్ళకే.

మిగతా రోజుల్లో రాత్రి పావు తక్కువ పదకొండుకు వండే ఓపిక ఎవరికి ఉంటుంది? పీజీలో వంటిల్లే ఉండదు. యాప్ తెరవడం, బిర్యానీ, చల్లటి కూల్‌డ్రింక్. ఆ ప్రొద్దుటూరు తమ్ముడు కిందటి చలికాలంలో ఆరు కిలోలు పెరిగాడు, ఆసుపత్రిలో షుగరు బార్డర్‌లో ఉందన్నారు. ఇరవై ఆరేళ్ళకు.

ఇక మా డిమాండ్లు. బతిమాలడం మూడు మెయిళ్ళతో అయిపోయింది కాబట్టి డిమాండ్లు అనే అంటున్నాను.

ఒకటి. నవంబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు కంపెనీ అంతటికీ కేలెండరు మూసేయండి. ఎవరికి వారు బ్లాక్ చేసుకోమని చెప్పకండి. మేము బ్లాక్ చేసుకుంటే దాని మీదే మీటింగు పెడతారు, అది మీకూ తెలుసు. అది అన్నం తినే టైము మాత్రమే కాదు, బయటికి వెళ్ళే టైము.

రెండు. అమెరికా గడియారం మారి రాత్రి కాల్ గంట ఆలస్యమైతే, మరుసటి రోజు పొద్దున మొదటి మీటింగు కూడా గంట ఆలస్యంగా పెట్టాలి. లేదా క్లయింటును ఒక గంట ముందు లేవమని అడగండి. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ వాళ్ళను అడగగా నేను చూడలేదు. అడిగితే ఒప్పుకుంటారేమో, వాళ్ళూ మనుషులే.

మూడు. జబ్బు సెలవు పెట్టిన రోజు లాగిన్ మూసేయండి, పని ఇంకొకరికి రాతపూర్వకంగా అప్పగించండి. మూడు రోజుల లోపు సెలవుకు డాక్టరు చీటీ అడగకండి. జ్వరంతో ఉన్నవాణ్ణి చీటీ కోసం వంద మంది దగ్గే క్లినిక్‌లో గంటన్నర కూర్చోబెట్టడం ఎవరి ఆరోగ్యానికి?

నాలుగు. ఫ్లూ టీకా ఖర్చు ఇంటి నుంచి పని చేసేవారికి కూడా ఇవ్వండి. క్యాంపస్‌లో క్యాంపు పెట్టామంటే చాలదు, ఆస్తమా ఉన్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ ట్రాఫిక్‌లో రాలేకే ఇంటి దగ్గర ఉన్నారు.

ఐదు. లాగిన్ గంటలు 48 దాటిన ఉద్యోగుల లెక్క ప్రతి నెలా వాళ్ళ మేనేజరుకు, వాళ్ళకు కూడా పంపండి. ఎక్కువ గంటలకు చట్టం చెప్పిన రెట్టింపు జీతం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు లెక్క బయటికి రావాలి.

ఈ లేఖ చదివేవారిలో అపార్టుమెంట్ అసోసియేషన్ పెద్దలు కూడా ఉంటారు. అయ్యా, డాబా తాళం సంగతి. నీళ్ళ ట్యాంకులు, సోలార్ పలకలు ఉన్నాయని, పిల్లలు ఎక్కుతారని తాళం వేస్తారు, సరే. పదకొండు నుంచి రెండు వరకు మాత్రం తీసి పెట్టండి, కావాలంటే రిజిస్టరులో సంతకం పెడతాం. కంపెనీ గంట ఇచ్చినా నిలబడే చోటు లేకపోతే ఎలా? మా కింది ఫ్లాటు కన్నడ అజ్జి (అవ్వ) కంబళ్ళు ఎండబెట్టుకోవడానికి వాచ్‌మన్‌ను నాలుగు రోజులుగా అడుగుతోంది. దుమ్ము పట్టిన కంబళ్ళ వల్ల ఆమెకు ఆయాసం. ఆమె ఏ కంపెనీ ఉద్యోగీ కాదు, ఎండ మాత్రం ఆమెకూ కావాలి.

మా తొమ్మిది మందిలో ఏడుగురు సంక్రాంతికి ఊరు వెళ్తున్నారు. ఆ లోపు జవాబు కావాలి. రాకపోతే జనవరి మూడో వారం నుంచి మేమే పన్నెండుకు కెమెరాలు ఆపి బయటికి వెళ్తాం, ఏ గంట ఎందుకు వెళ్ళామో చట్టం సెక్షన్‌తో సహా కేలెండరులో రాసి మరీ వెళ్తాం. అవసరమైతే కార్మిక శాఖకు ఇదే లేఖ కన్నడంలో పంపుతాం. తర్జుమా చేయడానికి కింది ఫ్లాటు అజ్జి మనవడు ఒప్పుకున్నాడు.

జవాబు రెండు లైన్ల మెయిల్ అయినా చాలు. వెబినార్ మాత్రం వద్దు.

ఇట్లు,
కుందలహళ్ళి నుంచి ఒక ఉద్యోగిని